పెద్దలు ఊరికే పెట్టి ఉండరు

నేను అబద్ధం చెప్పలేదు. ముందే ఈ మాట చెప్పేస్తున్నాను, ఎందుకంటే పదేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నది ఇదొక్కటే. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా ఒక మనిషి కొంప ఎలా ముంచవచ్చో తెలుసుకోవాలంటే నన్ను అడగండి.

పట్టుపురుగులు సాకే రైతులకు సలహాలు చెప్పడం నా ఉద్యోగం. అప్పట్లో పుంగనూరు చుట్టుపక్కల పల్లెలు నా కింద ఉండేవి. బండి మీద తిరిగి, మల్బరీ తోటలు చూసి, పురుగుల షెడ్లలో తొంగిచూసి, సున్నం చల్లండి, కిటికీలు తెరవండి, ఈ మందు కొట్టండి, ఇన్నాళ్ళు ఆగి ఆకు కొయ్యండి అని చెప్పేవాణ్ణి. రైతుల దగ్గర దేవుడి తర్వాత నా మాటే. దేవుడు ఫోనెత్తడు కాబట్టి ఒక్కోసారి దేవుడికంటే ముందు నన్నే అడిగేవాళ్ళు.

పెద్దపంజాణి వైపు ఒక పల్లెలో రెండెకరాల మల్బరీ తోట ఉన్న ఇల్లొకటి ఉండేది. ఇంట్లో తల్లి, కొడుకు, కోడలు, రెండేళ్ళ మనవరాలు. పెత్తనమంతా తల్లిదే. కొడుకు మంచివాడని ఊళ్ళో పేరు. అంటే తల్లి మాటకు ఎదురు చెప్పడని అర్థం. కోడలు కుప్పం దగ్గర పిల్ల, ఇంటర్ చదివింది. ఆ ఇంట్లో పురుగుల సంగతి నిజంగా తెలిసింది ఆమెకే. షెడ్డు లోపల గోడకు ఒక చోట నల్లరంగు పూసి, సుద్దముక్కతో అన్నీ రాసేది. పురుగు కుబుసం విడిచే ముందు మేత మానేసి పడుకుంటుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. ఏ రోజు ఏ జ్వరం పట్టింది, ఏ పొద్దు లేచాయి, ఎన్ని మోపుల ఆకు వేసింది, ఏ మందు ఎప్పుడు కొట్టారు, అన్నీ ఆ గోడ మీద ఉండేవి. నా ఇరవై ఏళ్ళ సర్వీసులో అంత శుభ్రమైన రాత ఇంకో షెడ్డులో చూడలేదు.

ఒకరోజు నేను బయలుదేరుతుంటే బండి దాకా వచ్చి నిలబడింది.

"సార్, నెలలో అయిదు రోజులు షెడ్డు తట్టుకు పోకూడదంటాది మా అత్తమ్మ. ఆ అయిదు రోజులు ఆయమ్మే సూస్తాది. ఆయమ్మకు కండ్లు సరిగ్గా కనబడవు, జబ్బు పురుగును ఏరలేదు. నేను పోతే పురుగుకు ఏమన్నా అవుతాదా సార్?"

నేను నవ్వాను. "పురుగుకేం తెలుసమ్మా మైలా మడీ? చేతులు కడుక్కొని పో. ఏం కాదు."

ఆ మాట చెప్పి బండి స్టార్టు చేసినప్పుడు నా మీద నాకే ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. దారి పొడుగునా నన్ను నేను మెచ్చుకుంటూ పోయాను. ఆ పిల్ల నా మాట నమ్మింది. ఆ నెల నుంచి అత్త చేనికి పోయిన వేళ చూసుకుని, చేతులూ కాళ్ళూ మందునీళ్ళతో కడుక్కుని, షెడ్డులోకి పోయి పని చూసుకునేది.

ఆ తర్వాత రెండు నెలలకు మల్బరీకి ఆకుముడత పట్టింది. నేను మదనపల్లెలో బంధువుల పెళ్ళిలో పంక్తిలో కూర్చుని ఉన్నాను. నోట్లో ముద్ద ఉంది. ఫోను మోగింది. ఆ పిల్లే. అంగట్లో ఇచ్చిన మందు పేరు స్పష్టంగా, అక్షరం అక్షరం చదివింది. "కొట్టినాంక ఎన్ని దినాలు ఆగాల సార్?" అంది.

రెండు రకాల మందులున్నాయి. ఒకటి మెతకది, దానికి వారం చాలు. ఇంకొకటి గట్టిది, మూడు వారాలు ఆగకుండా ఆ ఆకు పురుగుకు వేస్తే విషం పెట్టినట్టే. ఆమె చదివింది గట్టిదాని పేరు. నాకు వినపడింది కూడా. కానీ వడ్డించేవాడు పక్కన నిలబడి ఇంకొంచెం వెయ్యమంటారా అని అడుగుతున్నాడు. "వారం చాలమ్మా" అన్నాను. ఫోను పెట్టేసి వడ్డించేవాడితో వెయ్యమన్నాను.

నాలుగో జ్వరం లేచాక మూడో రోజు పొద్దున్నే ఆ ఇంటి నుంచి కబురు వచ్చింది. పోయాను. షెడ్డు బయటే నలుగురైదుగురు ఊరివాళ్ళు నిలబడి ఉన్నారు. లోపల తట్టల నిండా పురుగులు తలలు పైకెత్తి, అటూ ఇటూ ఊపుతూ, పచ్చటి రసం కక్కుకుంటున్నాయి. కొన్ని అప్పటికే ముడుచుకుపోయి నల్లబడ్డాయి. ఇంకో వారంలో గూళ్ళు కట్టాల్సిన పంట. జబ్బు అయితే ఇలా ఉండదు. ఇది మందు. గడప దాటకుండానే నాకు అర్థమయిపోయింది.

గోడ మీద చూశాను. సుద్దతో గుండ్రటి అక్షరాలు. మందు కొట్టిన రోజు, మందు పేరు, దాని పక్కన "సారు: ఏడు దినాలు." దాని కింద ఆకు కోసిన రోజు. పన్నెండు రోజుల తేడా. పాపం, నేను వారం అంటే ఎందుకైనా మంచిదని ఇంకో అయిదు రోజులు ఆగింది.

అప్పుడు నా బుర్ర పనిచేసినంత చురుగ్గా పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ పనిచేయలేదు. నిజం చెబితే మెమో వస్తుంది, విచారణ వస్తుంది. ఆ ఏడాది ప్రమోషన్ల జాబితాలో నా పేరుంది. సరే, అది స్వార్థం, పక్కన పెడదాం అనుకున్నాను. చూడండి ఎంత నిజాయితీపరుణ్ణో! మరి ఊరి సంగతో? ఒక్క సలహా తప్పయిందని తెలిస్తే ఈ రైతులు రేపటి నుంచి నా మాట వినరు. వినకపోతే వాళ్ళ పంటలే పోతాయి. నేను నోరు మూసుకోవడం రైతులందరికీ మంచిది. ఇక చెప్పకపోతే ఎవరికి నష్టం? పురుగులు ఎలాగూ చచ్చాయి, నేను చెబితే లేచిరావు. ఇలా ఒక్కొక్క మెట్టూ కడుక్కుంటూ, తుడుచుకుంటూ దిగాను. అంతా అయ్యాక చూసుకుంటే నేను చేయబోతున్నది పాపం కాదు, త్యాగం!

జేబులోంచి రుమాలు తీసి ఆ వరస తుడిచేశాను. సుద్ద కదా, ఒక్క తుడుపుకు పోయింది. తిరిగి చూస్తే కిటికీ అవతల ఆ పిల్ల నిలబడి ఉంది, చంకలో బిడ్డతో. చూసింది. నేను రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

బయటకు వచ్చేసరికి అత్త అడుగుతోంది.

"నిజం చెప్పు. ముట్టులో ఉండంగా షెడ్డులోకి పోయినావా లేదా?"

కోడలు తల దించుకోలేదు. "పోయినాను అత్తమ్మా. సారే చెప్పినాడు, ఏం కాదని."

అందరూ నా వైపు తిరిగారు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ పోకచెక్కను నేను కాదు. నేను అడకత్తెరను.

"శుభ్రంగా ఉంటే ఏం కాదన్నానమ్మా" అన్నాను.

గమనించారా? ఇది అబద్ధం కాదు. చేతులు కడుక్కోమని నేను చెప్పిన మాట నిజమే. కానీ ఆ ఒక్క ముక్కతో ఆ పిల్ల శుభ్రం లేనిదైపోయింది. అత్త ఊరుకోలేదు.

"సార్, మీరు సదువుకున్నోళ్ళు. ఒక్క మాట సెప్పండి. ముట్టు తగిలితే పురుగు సస్తాదా, సావదా?"

కోడలి మొగుడు కూడా నా మొహమే చూస్తున్నాడు. నేను చావదని చెబితే అతను పెళ్ళాన్ని లోపలికి తీసుకుపోయేవాడు. అంతవరకు ధైర్యం ఉన్నవాడే. కానీ చావదంటే, మరి ఎందుకు చచ్చాయి సార్ అని తర్వాతి ప్రశ్న వస్తుంది.

"కొన్ని మనకు తెలియవమ్మా" అన్నాను. "పెద్దలు ఊరికే పెట్టి ఉండరు కదా."

అంతే. గోడ మీది రాత పోయింది, ఇక మందు మాట ఎత్తినా ఆఫీసరును కాదని ఆమెను ఎవరు నమ్ముతారు? ఆ పిల్ల నా వైపు ఒక్కసారి చూసి, బిడ్డను దించి, నడవలోకి పోయి కూర్చుంది. అత్త తిట్లు మొదలుపెట్టింది. అత్త తిట్టని కోడలు ఏ ఊళ్ళో ఉంది, నాలుగు రోజులు తిట్టి మరిచిపోతారు అని నాకు నేను సర్ది చెప్పుకుని, ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను.

వాళ్ళు మరిచిపోలేదు. వచ్చే పంట చేతికొచ్చేదాకా పుట్టింట్లో ఉండమని ఆమెను కుప్పం పంపించారు. నెలన్నర పని కదా, పాపను ఇక్కడే ఉంచి పొమ్మన్నారు. ఆమె వెళ్ళింది.

ఇక్కడ నా మంచితనం గురించి కొంచెం చెప్పాలి. ఆ ఇంటికి చేసిన అన్యాయానికి ప్రాయశ్చిత్తంగా, ఆ తర్వాతి పంటను నా పంటలాగా చూసుకున్నాను. షెడ్డును దగ్గరుండి కడిగించాను. మంచి చోటి నుంచి పిల్లపురుగులను తెప్పించాను. మూడు రోజులకొకసారి పోయి తట్టా తట్టా చూశాను. తోటకు ఏ మందూ కొట్టనివ్వలేదు. అంత మంచి పంట ఆ ఇంట్లో ఎన్నడూ రాలేదు. తెల్లగా, గట్టిగా, చేతిలోకి తీసుకుంటే గులకరాళ్ళలా ఉన్నాయి గూళ్ళు.

అత్త సంబరానికి హద్దు లేదు. "సూసినారా సార్, అది లేకపోతే ఎట్ల పండిందో!" అంది. ఊరంతా వచ్చి చూసిపోయింది. అందరిదీ అదే మాట. ఇంకా ఏమైనా అనుమానం మిగిలి ఉంటే దాన్ని నా ప్రాయశ్చిత్తం తుడిచిపెట్టేసింది. ఆ రోజు నాకు ఓళిగలు పెట్టారు, పైన నెయ్యి పోసి. రెండు తిన్నాను. మూడోది వద్దన్నా వేశారు.

ఆమెను మళ్ళీ పిలిపించలేదు. బిడ్డ కోసం ఆమె ఒకసారి వస్తే గేటు దగ్గరే మాట్లాడి పంపించారు. బిడ్డను తీసుకుపోదామంటే, ఒక్కదానివైతే సరే ఇద్దరిని నేను సాకలేనని ఆమె అన్న తేల్చి చెప్పాడట. ఇవన్నీ నాకు ఎలా తెలుసంటే ఆమే ఫోన్లో చెప్పింది. "ఒక్క మాట చెప్పండి సార్. మీరు చెబితే ఇంటారు" అని మొదటిసారి అడిగినప్పుడు "చూస్తానమ్మా" అన్నాను. రెండోసారి మీటింగులో ఉన్నానన్నాను. మూడోసారి నుంచి ఆ నెంబరు కనబడితే ఫోను బోర్లా పెట్టేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆమె చేయడం మానేసింది.

ప్రమోషన్ వచ్చింది. మదనపల్లెకు మార్చారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు అక్కడ శిక్షణ తరగతులు. వృత్తి ధర్మం మీద మాట్లాడమని ఎవరిని పిలిచారో ఊహించండి. చెప్పేవి శ్రీరంగనీతులు! గంటసేపు మాట్లాడాను. రైతు మన మీద పెట్టే నమ్మకం గురించి చెబుతుంటే నా గొంతు కూడా కొంచెం జీరపోయింది. చివర్లో ఒక అమ్మాయి లేచింది.

"సార్, మన సలహా తప్పయి రైతుకు నష్టం వస్తే, ముందు రైతుకు చెప్పాలా, ఆఫీసుకు చెప్పాలా?"

"ముందు సలహా తప్పు కాకుండా చూసుకోవాలమ్మా" అన్నాను. హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు, కూర్చుని ఏదో రాసుకుంది. ఆ అమ్మాయి మీద నాకు రెండు రోజులు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో ఆలోచించడానికి మాత్రం బద్ధకించాను.

పోయిన ఏడు నన్ను కుప్పానికి వేశారు. రిటైరుమెంటుకు ముందు ఆఖరి చోటు. అక్కడ గుడ్లు పొదిగించి, పిల్లపురుగులను రెండో జ్వరం దాకా పెంచి రైతులకు ఇచ్చే కేంద్రం ఒకటి ఉంది. తనిఖీకి పోయాను. పదిమంది ఆడవాళ్ళు ఆకు తరుగుతున్నారు. వాళ్ళ మీద మేస్త్రీగా ఉన్నది పెద్దపంజాణి వైపు ఆ ఇంటి కోడలే.

"బాగుండారా సార్?" అంది.

ఆమె రిజిస్టర్లు తెచ్చి చూపించింది. ప్రతి బ్యాచికి అన్నీ రాసి ఉన్నాయి. సుద్దతో కాదు, పెన్నుతో. సంతకం పెట్టాను. తతిమ్మా ఆడవాళ్ళు టీకి లేచి పోయాక, "అమ్మా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

"అదొద్దు సార్" అంది. కోపంగా కూడా కాదు. "మీరు చెరపతా ఉంటే సూసిందాన్ని. నాకు కొత్తగా సెప్పేదేముంది? నేను ఆ ఇంటికి పొయ్యేదీ లేదు, వాళ్ళు పిలిచేదీ లేదు. నా బిడ్డకు పన్నెండు నడస్తాండాది. రేపో మాపో పెద్దమనిషి అవుతాది. దాన్నీ ఆ షెడ్డు పక్కన రేకుల కింద కూర్చోబెడతారు. మీ అమ్మ పంటను సంపింది, నువ్వూ సంపుతావని జనమంతా అంటాంటే అది ఇంటా పెరగతాది. అది నిజమే అనుకుంటాది సార్. నా కోసరం కాదు. దాని సెవిన పడేటట్టు, ఆ ఇంట్లో నిలబడి, పంట పోయింది మందు వల్ల అని ఒక్కసారి సెప్పండి. బిరీన పోండి సార్."

పోతానన్నాను. నిజంగానే పోదామనుకున్నాను. కానీ ముందు మదనపల్లెలో తెలిసిన వకీలు దగ్గరికి పోయి, ఎవరో స్నేహితుడి సంగతన్నట్టుగా అడిగాను: పదేళ్ళ కిందట ఫోన్లో చెప్పిన తప్పు సలహాకు ఇప్పుడు పెన్షన్‌కు ఏమైనా ఇబ్బంది వస్తుందా అని. ఏమీ రాదన్నాడు. ఆ తర్వాత కూడా వర్షాలని కొన్నాళ్ళు, ఆడిట్ అని కొన్నాళ్ళు గడిచాయి. నాకేమీ కాదని పూర్తిగా రూఢి చేసుకున్నాకే, మూడు నెలల తర్వాత, బస్సెక్కాను.

మధ్యాహ్నం మూడింటికి ఆ ఇంటికి చేరాను. అత్త ముసలిదైంది, నోరు మాత్రం అలాగే ఉంది. కొడుకు మంచం వాల్చాడు. కాఫీ వచ్చింది. నేను కాఫీ ముట్టుకోకుండా అంతా చెప్పేశాను. పెళ్ళి పంక్తి, మందు పేరు, వారం చాలన్న మాట, రుమాలు. చెబుతున్నంతసేపు నా గుండె తేలికవుతూ వచ్చింది. సిగ్గులేని గుండె!

కొడుకు నేల చూస్తూ కూర్చున్నాడు. ముసలామె కండ్లు చికిలించి నన్నే చూసింది.

"మీరిప్పుడు యాడ ఉండారు సార్?"

"కుప్పంలో."

"ఓహో" అంది. "అది మిమ్మల్ని పట్టుకున్నాదా? అదా కత!"

"అట్లాంటిదేమీ లేదమ్మా, నేను..."

"ఊరుకోండి సార్. రిటైరు దగ్గర పడితే మొగోళ్ళకు ఇట్లాంటివన్నీ పుడతాయి. ఆ పొద్దు అందరి ముందర సెప్పింది మీరే కదా, పెద్దలు ఊరికే పెట్టలేదని? ఆఫీసరే సెప్పినాడని ఊరంతా సెప్పుకున్నాము. అంతకు ముందు ఈ వీధిలో సగం మంది ఆడోళ్ళు పట్టించుకునేటోళ్ళు కాదు. ఇప్పుడు ఆ అయిదు దినాలు ఒక్కరూ షెడ్డు గడప తొక్కరు. పదేండ్లుగా ఒక్క పంట కూడా పోలేదు. మీ నోటి మాట సార్, అమృతం!"

కొడుకు లేచి, నా మొహం చూడకుండా, చేను వైపు పోయాడు. పెళ్ళాం గురించి తల్లి అన్న మాట అతను విన్నాడు. ఇన్నేళ్ళూ ఏ మూలనో ఆమె మీద కాస్త జాలి మిగిలి ఉంటే, అది కూడా నేను వచ్చి పోగొట్టానని అతని నడక చూస్తే తెలిసిపోయింది.

లేచి బయటకు వచ్చాను. షెడ్డు పక్కన రేకుల కింద చాప వేసుకుని ఒక ఆడపిల్ల కూర్చుని ఉంది. ఒళ్ళో లెక్కల పుస్తకం, పక్కన విడిగా ఒక పళ్ళెం, చెంబు. తల్లి మొహమే, పోత పోసినట్టు. రెండు నెలలైందట పెద్దమనిషై. ఆ రోజు బడిలో పరీక్ష ఉన్నా పంపించలేదట.

ఇంట్లో నేను చెప్పిందంతా ఆ పిల్లకు వినబడి ఉండదు, షెడ్డు అడ్డం ఉంది. అందుకని దగ్గరికి పోయాను. గబుక్కున చాప వెనక్కి లాక్కుంది.

"దగ్గరికి రావద్దండి సార్. మీరు మళ్ళీ షెడ్డులోకి పోతారేమో. తగిలితే పురుగులకు మంచిది కాదు."

"నీ వల్ల పురుగులకు ఏమీ కాదమ్మా" అన్నాను. "చేతులు కడుక్కొని లోపలికి పో. ఏం కాదు. నేను పట్టు ఆఫీసరును, నేను చెబుతున్నాను."

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది, ఏమీ తెలియని మనిషిని చూసినట్టు.

"మా అమ్మకు కూడా ఎవురో సారు అట్లనే సెప్పినాడంట సార్" అంది. "ఆయప్ప మాట ఇనే పంటంతా పోయిందంట."

ఆ సారు ఎవరని ఆ పిల్ల అడగలేదు. నేను చెప్పలేదు.